స్థానబలం ఎవరిది: జనానిదా, నేలదా, ఈల ఊదేవాడిదా?

కావలికీ ఉలవపాడుకూ నడుమ ఉన్న పల్లెల్లో ఎండాకాలం సెలవుల నాటికి చెరువులు అడుగంటుతాయి. నెర్రెలు విచ్చిన ఆ నల్లమట్టిలోనే ఇరవై రెండు గజాల మేర నీళ్లు చల్లి, రోలరు తిప్పి, సున్నం గీతలు గీసి టెన్నిస్ బంతి టోర్నమెంట్లు పెడతారు. అలాంటి పోటీలకు కొన్నేళ్లపాటు నేను స్కోరు పుస్తకం రాశాను. షామియానా కింద, మైకు పక్కన కూర్చుని చూసేవాడికి ఆడేవాడికి కనబడని సంగతులు కొన్ని కనబడతాయి. తూము వైపు వికెట్లకు నాలుగైదు అడుగుల ముందు, బంకమన్నుతో పూడ్చినా మధ్యాహ్నానికి మళ్లీ నోరు తెరిచే నెర్రె ఒకటి ఉండేది. బంతి దాని మీద పడితే లేవదు. ఆ ఊరి బౌలర్లు దాని మీదే వేసేవారు; ఆ ఊరి బ్యాటర్లు అటు వైపు ఆడాల్సి వస్తే క్రీజు వదిలి ముందుకొచ్చి, బంతి నేలను తాకకముందే కొట్టేవారు. ట్రాక్టర్ ట్రాలీలో పది మైళ్లు కుదుపులు తిని వచ్చిన జట్టుకు ఈ రహస్యం నాలుగు వికెట్లు పోయాక గాని తెలిసేది కాదు.

అంపైర్లు కూడా ఆ ఊరివాళ్లే. టెన్నిస్ బంతి ఆటలో ఎల్బీడబ్ల్యూ ఉండదు కనుక తగవులన్నీ వైడ్ల దగ్గర, రనౌట్ల దగ్గర వచ్చేవి. ఒక సెమీఫైనల్లో రనౌట్ ఇచ్చిన పెద్దాయన వైపు బయటి ఊరి కుర్రవాడు చేతులు చాచి, "మామా, బ్యాటు లోపలే ఉండింది గదా, నువ్వు జూళ్లా?" అన్నాడు. వేపచెట్టు కింద కూర్చున్న ఊరంతా గొల్లున అరిచింది. పెద్దాయన వేలు దించలేదు. ఆయన అబద్ధం చెప్పాడని నేను ఇప్పటికీ అనుకోను. కళ్లు ఎటూ తేల్చుకోలేని ఆ అర క్షణంలో ఆయన చెవులు తేల్చేశాయని మాత్రం అనుకుంటాను.

నీళ్లలో మొసలికి ఉండే బలం గట్టు మీద ఉండదన్న మాట మనకు కొత్త కాదు. అయితే ఆ బలం నీళ్లు ఇచ్చిందా, అలవాటు ఇచ్చిందా, గట్టు మీద నిలబడి చూసేవాళ్ల భయం ఇచ్చిందా అన్నది వేరే ప్రశ్న. క్రీడల్లో సొంతగడ్డ అనుకూలత అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి నాలుగైదు వేర్వేరు కారణాల మూట. ఆ మూటలో ఏది ఎంత అన్నది ఆటను బట్టి మారుతుంది. అభిమానుల కేరింతలే ఆటగాళ్లకు కొత్త బలం ఇస్తాయన్న వివరణ అందరికీ నచ్చుతుంది. ఆధారాలు అడిగితే అన్నిటికన్నా తక్కువ దొరికేది కూడా దానికే.

ముందుగా లెక్క ఏమిటో చూద్దాం. ఒక లీగులో ప్రతి జట్టూ ఇంట ఎన్ని మ్యాచులు ఆడుతుందో బయటా అన్నే ఆడితే, ఆతిథ్య జట్లు మొత్తం మీద సగానికి మించి గెలవడాన్నే ఈ అనుకూలత అంటారు. బలమైన జట్టు ఇంట గెలవడం ఇందుకు రుజువు కాదు. అది బయట కూడా గెలుస్తుంది. కోర్నేయా, కారన్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కూర్చి 1992లో ఒక సమీక్ష ప్రచురించారు. డ్రాలను పక్కన పెట్టి చూసినప్పుడు ఆతిథ్య జట్టు గెలుపు శాతం బేస్‌బాల్‌లో 53.5, అమెరికన్ ఫుట్‌బాల్‌లో 57.3, ఐస్ హాకీలో 61.1, బాస్కెట్‌బాల్‌లో 64.4, ఫుట్‌బాల్‌లో 69గా తేలింది. అంకెలు పాతవే అయినా వాటి వరుసే మనకు ఆధారం. బేస్‌బాల్ మైదానాల బయటి గోడలు ఊరికో కొలతలో ఉంటాయి, ఆఖరి బ్యాటింగ్ కూడా ఆతిథ్య జట్టుదే. అయినా అనుకూలత అక్కడే అతి తక్కువ. కొలతలు దాదాపు ఒకేలా ఉండే మైదానాల మీద, నియమాల్లో ఎవరికీ మొగ్గు లేకుండా సాగే ఫుట్‌బాల్‌లో అది అన్నిటికన్నా ఎక్కువ. జనం అరుపులే కారణమైతే రెండు చోట్లా జనం ఉన్నారు కదా?

తేడాకు ఒక మూలం ఆట అల్లికలో ఉంది. ఫుట్‌బాల్‌లో గోల్ అరుదు, కాబట్టి పెనాల్టీ ఇవ్వాలా వద్దా అన్న ఒక్క నిర్ణయం మ్యాచ్‌ను తేల్చేయగలదు. పైగా ఆ నిర్ణయం రిఫరీ విచక్షణకే వదిలినది: తగలడం కనిపిస్తుంది, అది తప్పా కాదా అన్నది ఆయన మనసులో తేలాలి. బాస్కెట్‌బాల్‌లో ఒక్కో నిర్ణయం చిన్నదే కానీ బంతి వందల సార్లు చేతులు మారుతుంది కనుక, ప్రతిసారీ ఇసుమంత మొగ్గు ఉన్నా చివరికి అది కుప్పగా పోగవుతుంది. బేస్‌బాల్‌లో ఆటను అదృష్టం ఎక్కువగా నడిపిస్తుంది, కనుక ఇంటి మొగ్గు ఆ గందరగోళంలో మునిగిపోతుంది.

రిఫరీ సంగతి కాస్త నిదానంగా చూడాలి. అలన్ నెవిల్, ఆయన సహచరులు 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 40 మంది రిఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ జట్ల మధ్య జరిగిన ఒక మ్యాచ్ వీడియో నుంచి 47 సంఘటనలు చూపించారు. కొందరికి ప్రేక్షకుల శబ్దంతో, మిగతావారికి శబ్దం లేకుండా. శబ్దం విన్నవారు, విననివారితో పోలిస్తే, ఆతిథ్య జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్లు స్టేడియంలో లేరు, వాళ్లను తిట్టేవాడూ లేడు, గదిలో కూర్చుని ఉన్నారు. అయినా సందేహం వచ్చిన చోట చెవిన పడ్డ హోరే సాక్ష్యమైంది. పల్లె పెద్దాయన వేలు నాకు అందుకే గుర్తొస్తుంది.

స్పెయిన్ లీగ్ మ్యాచులను పరిశీలించి 2005లో ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు మరో సంగతి బయటపెట్టారు. ఆట చివర అదనంగా ఎన్ని నిమిషాలు ఇవ్వాలన్నది రిఫరీ చేతిలోనే ఉంటుంది. ఆతిథ్య జట్టు ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు ఇచ్చిన అదనపు సమయం, అదే జట్టు ఒక గోల్ ముందున్నప్పుడు ఇచ్చిన దానికి దాదాపు రెట్టింపు ఉంది. ఇందులో లంచం లేదు, కుట్ర లేదు. ఏబై వేల మంది ఒకేసారి ఊపిరి బిగబట్టి చూస్తుంటే గడియారం కూడా ఎటో ఒకవైపు వాలుతుంది.

అయితే ప్రయాణపు అలసటను, మైదానపు అలవాటును, జనం ప్రభావాన్ని విడదీయడం ఎలా? ఇటలీలో మిలాన్ జట్లు రెండూ ఒకే సాన్ సిరో స్టేడియంలో ఆడతాయి. అక్కడి డెర్బీలో, అంటే ఒకే ఊరి జట్ల పోరులో, ఎవరికీ ప్రయాణం లేదు, ఎవరికీ కొత్త నేల కాదు; ఆరోజు ఆతిథ్యం ఎవరిదో వాళ్ల అభిమానులకు టికెట్లు ఎక్కువ దక్కుతాయి, అంతే తేడా. ఇటువంటి ఒకే స్టేడియం డెర్బీలను లెక్కించిన అధ్యయనం, అప్పటికీ పేరుకు ఆతిథ్య జట్టైన వారికి మొగ్గు ఉంటుందని, కార్డులు, ఫౌల్స్ విషయంలో కూడా అది కనబడుతుందని తేల్చింది. ఇక 2020 మే 16న జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుండెస్‌లీగా ఖాళీ స్టేడియాల్లో తిరిగి మొదలయ్యాక మిగిలిన మ్యాచుల్లో ఆతిథ్య జట్లు గెలిచినవి సుమారు మూడో వంతే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 2020-21 సీజన్ దాదాపు అంతా జనం లేకుండానే సాగింది. 380 మ్యాచుల్లో ఇంటి గెలుపులు 144, బయటి జట్ల గెలుపులు 153. ఆ లీగ్ చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. మహమ్మారి కాలపు పరిశోధనలన్నీ ఒకే మాట మీద లేవు. కొన్ని లీగుల్లో తేడా బాగా పడిపోయింది, కొన్నిట్లో అంతగా పడలేదు. కానీ బయటి జట్లకు పడే పసుపు కార్డుల సంఖ్య తగ్గిందన్న విషయంలో మాత్రం చాలావరకు ఏకాభిప్రాయం ఉంది.

ఫుట్‌బాల్‌లో ఈ అనుకూలత మునుపటి నుంచే కరుగుతూ ఉంది. బయట కొట్టిన గోల్‌కు ఎక్కువ విలువ ఇచ్చే నియమాన్ని యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య 1965లో తెచ్చి 2021లో ఎత్తేసింది. ఎత్తేస్తూ అది చూపిన లెక్క ప్రకారం 1970ల మధ్య నాటికి ఇంటి గెలుపులు 61 శాతం, బయటి గెలుపులు 19 శాతం ఉండగా, ఇటీవల అవి 47, 30 శాతాలయ్యాయి. మంచి పచ్చిక, హాయైన ప్రయాణాలు, ప్రతి నిర్ణయాన్నీ పట్టి చూపే కెమెరాలు అన్నీ కలిసి పరాయి గడ్డను కొంత అలవాటైన గడ్డగా చేశాయి.

ఇదే కొలబద్ద పట్టుకుని క్రికెట్ దగ్గరకు వస్తే లెక్క తలకిందులవుతుంది. ఆతిథ్య దేశపు అంపైర్ల మీద అనుమానం క్రికెట్లో పాతదే. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు భారత అంపైర్లు ఇద్దరిని నిలబెట్టడం ఆ అనుమానానికి వెతికిన తొలి మందుల్లో ఒకటి. 1994 నుంచి ప్రతి టెస్టుకూ ఒక తటస్థ అంపైరు, 2002 నుంచి ఇద్దరూ తటస్థులే అన్న పద్ధతి వచ్చింది. ఆ దశలను పోల్చి చూసిన పరిశోధకులు, ఇద్దరూ స్థానికులైనప్పుడు పర్యాటక బ్యాటర్లకు ఎల్బీడబ్ల్యూలు ఎక్కువగా పడ్డాయని, ఇద్దరూ తటస్థులయ్యాక ఆ తేడా మాయమైందని గుర్తించారు. ఫుట్‌బాల్ తర్కమే ఇక్కడా వర్తిస్తే ఆ తర్వాత సొంతగడ్డ ఆధిపత్యం సన్నగిల్లాలి. జరిగింది అది కాదు. భారత జట్టు 2013 నుంచి 2024 దాకా ఇంట వరుసగా 18 టెస్టు సిరీస్‌లు గెలిచింది. బ్రిస్బేన్‌లోని గబ్బా మైదానంలో ఆస్ట్రేలియా 1988 తర్వాత 2021 జనవరి 19 వరకు టెస్టు ఓడలేదు. ఆ రోజు 328 పరుగులు ఛేదించి మనవాళ్లే ఆ కోట పడగొట్టారు.

అంటే క్రికెట్లో స్థానబలం వేలెత్తేవాడి దగ్గర కన్నా నేలలోనే ఎక్కువ ఉంది. మరే పెద్ద జట్టు ఆటలోనూ బంతి నేలను తాకడం ఇంత ముఖ్యం కాదు, నేలను ఆతిథ్యం ఇచ్చేవాడు ఇంతగా తనకు అనువుగా తయారుచేసుకోవడమూ లేదు. దానికి తోడు బంతి కూడా దేశాన్ని బట్టి మారుతుంది: ఇంగ్లండ్‌లో డ్యూక్స్, ఆస్ట్రేలియాలో కూకబురా, మన దగ్గర ఎస్‌జీ కంపెనీవి. ఎర్రమట్టి పిచ్ మీద బంతి ఎక్కువగా లేస్తుందని, నల్లమట్టి పిచ్ మీద నెమ్మదిగా, తక్కువగా వస్తుందని పిచ్ తయారుచేసే క్యూరేటర్లు చెప్పేది నల్లరేగడిలో పొగాకు, శనగ వేసే మన రైతుకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఏ మన్ను నీళ్లు పట్టి ఉంచుతుందో, ఏది పెళ్లలు పెళ్లలుగా విడుతుందో ఆయనకు చేతితో తెలుసు. పదేళ్ల వయసు నుంచి ఒక రకం నేల మీద ఆడినవాడి కాలు, బ్యాటు, మణికట్టు ఆ నేలకు తగినట్టే పెరుగుతాయి. నెల రోజుల పర్యటనలో ఇది నేర్చుకునే చదువు కాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అదే. నేలను మనవైపు మరీ ఎక్కువ వంచితే అది మన చేయి జారిపోతుంది. ఆ 18 సిరీస్‌ల కాలంలో భారత్ ఇంట ఓడిన టెస్టులు నాలుగే: 2017లో పుణె, 2021లో చెన్నై, 2023లో ఇండోర్, 2024 జనవరిలో హైదరాబాద్. వీటిలో పుణె, ఇండోర్ రెండూ మొదటి రోజు నుంచే గిర్రున తిరిగిన పిచ్‌లు. పుణెలో స్టీవ్ ఓకీఫ్ అనే ఆస్ట్రేలియా ఎడమచేతి స్పిన్నర్ 12 వికెట్లు తీసుకోగా మన జట్టు 105, 107 పరుగులకు కుప్పకూలింది. ఇది యాదృచ్ఛికం కాదు. మామూలు స్పిన్ పిచ్ మీద గాలిలో బంతిని ఆడించే నేర్పు, వేగంలో మార్పు, ఓపిక ఉన్నవాడే నెగ్గుతాడు; ఆ నేర్పు మనవాళ్లకు ఎక్కువ. పిచ్ పూర్తిగా పగిలిపోతే నేర్పుతో పని లేదు, వరుసగా ఒకే చోట వేసేవాడికి నేలే వికెట్లు ఇస్తుంది. అప్పుడు మన మేటి స్పిన్నర్‌కూ పరాయి దేశపు మామూలు స్పిన్నర్‌కూ ఉన్న దూరం చెరిగిపోతుంది. 2024 అక్టోబరులో పుణెలోనే న్యూజిలాండ్ స్పిన్నర్ మిచెల్ శాంట్నర్ 13 వికెట్లు తీశాడు, ఆ సిరీస్ 3-0తో చేజారింది. 2025 నవంబరులో కోల్‌కతాలో 124 పరుగుల లక్ష్యం ముందు భారత్ 93కే ఆలౌటైంది. దక్షిణాఫ్రికా స్పిన్నర్ సైమన్ హార్మర్ ఆ మ్యాచ్‌లో 8 వికెట్లు పడగొట్టాడు. చెరువు పిచ్ మీద మా స్కోరు పుస్తకం కూడా ఇదే చెప్పేది. ఫైనల్ నాటికి ఒక నెర్రె పది నెర్రెలయ్యేది, అప్పుడు ఆ ఊరి బౌలర్ల రహస్యం ఎవరు బంతి వేసినా పనిచేసేది.

అదే న్యూజిలాండ్ సిరీస్ మొదటి టెస్టు బెంగళూరులో. వాన తర్వాతి మబ్బు పట్టిన ఉదయం టాస్ గెలిచి బ్యాటింగ్ ఎంచుకుని మన జట్టు 46 పరుగులకు ఆలౌటైంది. సొంతగడ్డ ఒక్క రోజు వాతావరణంతో పరాయి గడ్డలా ప్రవర్తించగలదు.

నేలే బలమైనప్పుడు నేలను మార్చేస్తే ఏమవుతుందో చెప్పడానికి హాకీని మించిన ఉదాహరణ లేదు. 1975లో కౌలాలంపూర్ పచ్చిక మీద ప్రపంచకప్ గెలిచిన భారత్, మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ టర్ఫ్ పరిచినప్పుడు ఏడో స్థానానికి జారింది. టర్ఫే ఏకైక కారణమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయినా ఎగుడుదిగుడు పచ్చికలో బంతిని కర్రకు అంటించుకుని నడిపే ఉపఖండపు నేర్పుకు, అతి వేగంగా పరుగెత్తే ఆ చదును తలం మీద విలువ తగ్గిందన్నది కాదనలేము. ఆ ఆటలో ఏ దేశంలో ఆడినా పచ్చికే మనకు సొంతగడ్డగా ఉండేది.

గాలి కూడా సొంతగడ్డే కావచ్చు. బొలీవియాలోని లా పాజ్ స్టేడియం సముద్రమట్టానికి సుమారు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి పలుచటి గాలిలో 2009 ఏప్రిల్ 1న మారడోనా శిక్షణలోని అర్జెంటీనా 6-1తో ఓడింది. ఎత్తైన చోట్ల అంతర్జాతీయ మ్యాచులు వద్దని ఫిఫా 2007లో పెట్టిన ఆంక్షను మరుసటి ఏడాదే ఎత్తివేయాల్సి వచ్చింది. ఆక్సిజన్ తక్కువైన చోట రిఫరీ ఎవరైనా ఒకటే.

ఇప్పుడు మన ఇళ్లలో టీవీ ముందు ఎక్కువగా నలిగే ఐపీఎల్ సంగతి. నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటల లోపు దారి కాబట్టి అక్కడి చేపాక్ స్టేడియాన్ని మన జిల్లా కుర్రకారు తమ ఇంటి మైదానంగానే చూస్తారు. హైదరాబాద్ జట్టు మన భాషదైనా దూరం మూడింతలు. చేపాక్ నెమ్మది పిచ్ మీద చెన్నైకి ఎదురులేదన్న నమ్మకం పాతుకుపోయింది. బెంగళూరు జట్టు 2008 తర్వాత అక్కడ మళ్లీ గెలవడానికి 2025 మార్చి 28 దాకా పట్టింది. ఆ ఓటమి తర్వాత చెన్నై కోచ్ స్టీఫెన్ ఫ్లెమింగ్, ఆ మైదానంలో తమకు ఇంటి అనుకూలతంటూ ఏమీ లేదని బాహాటంగానే అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. వేలంలో జట్టు మారిపోయే లీగులో ఆ నేల మీద పెరిగినవాళ్లు పదకొండు మందిలో ఒకరిద్దరు ఉంటే గొప్ప. నేల అలవాటు లేని జట్టుకు నేల బలం ఎక్కడినుంచి వస్తుంది?

జనం బలానికి కూడా ఐపీఎల్‌లోనే పరీక్ష జరిగింది, అదీ మన రాష్ట్రంలో. 2024లో ఢిల్లీ జట్టు తన తొలి ఇంటి మ్యాచులను విశాఖపట్నంలో ఆడింది. మార్చి 31న చెన్నైతో ఆడినప్పుడు పేరుకు ఢిల్లీ ఇల్లు, స్టాండ్లు మాత్రం పసుపుమయం. ధోనీ 16 బంతుల్లో 37 పరుగులు చేస్తుంటే స్టేడియం ఊగిపోయింది. గెలిచింది మాత్రం ఢిల్లీ, 20 పరుగుల తేడాతో. ఒక్క మ్యాచ్‌తో సిద్ధాంతం తేల్చలేం కానీ, జనం హోరు స్కోరుబోర్డును కదిలించాలంటే మధ్యలో సందేహపడే మనిషి ఒకడు ఉండాలి. బంతి బంతికీ రీప్లే ఉన్న చోట ఆ మనిషికి చోటు తక్కువ.

కబడ్డీలో ఆ చోటు ఇంకా ఎక్కువగానే ఉంది. గీత తాకాడా లేదా, దుమ్ములో ఎవరి వేలు ఎవరికి తగిలింది అన్నది సంక్రాంతి పోటీల్లో ఇప్పటికీ రిఫరీ మాటే. మట్టి నుంచి మ్యాట్‌కు, రివ్యూలకు వెళ్లిన ప్రొ కబడ్డీలో మాత్రం మరో చిత్రం కనబడింది. లీగ్ మొత్తం ఊరి నుంచి ఊరికి బండి కట్టుకుని తిరిగే పద్ధతిలో, ఆతిథ్య జట్టు ఇంటి మ్యాచులన్నీ కొద్ది రోజుల్లోనే ఒకదాని వెంట ఒకటి పడేవి. ఎదుటి జట్టు ఒక మ్యాచ్ ఆడి సేదతీరుతుంటే, ఇంటివాడికి మాత్రం ఊపిరి తీసుకునే వ్యవధి ఉండేది కాదు. పెళ్లింటివాడు తిన్నాడా అని ఎవరూ అడగని తీరుగా ఉంటుంది అది.

సొంతగడ్డ అనుకూలతను తగ్గించడానికి జరిగిన ప్రయత్నాల్లో నాకు నచ్చినది ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌ది. పిచ్ ఆతిథ్య జట్టు తయారుచేసుకుంటుంది కాబట్టి, 2016 నుంచి 2019 వరకు అక్కడ ఒక వెసులుబాటు ఉండేది: వచ్చిన జట్టు కావాలనుకుంటే టాస్ లేకుండానే ముందు బౌలింగ్ తీసుకోవచ్చు. పచ్చిక ఎక్కువ ఉంచి తమ సీమర్లకు, అంటే పేస్ బౌలర్లకు, పంట పండించుకునే కౌంటీలు దాంతో కాస్త వెనక్కి తగ్గాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ టాస్ తప్పనిసరి అయింది.

ఇది చదివిన ఏడాది మా టోర్నమెంట్ కమిటీ ముందు ఇలాంటి ప్రతిపాదనే ఒకటి పెట్టాను. వచ్చిన ఊరికి ముందు బౌలింగా, బ్యాటింగా అన్నది కాదు, ఏ వైపు నుంచి బౌలింగ్ మొదలుపెట్టాలో తేల్చుకునే హక్కు ఇద్దామన్నాను. అంపైర్లను బయటి ఊరి నుంచి పిలవడానికి కమిటీ పెద్దలు వెంటనే ఒప్పుకున్నారు, వాళ్ల భోజనం ఖర్చు కూడా భరిస్తామన్నారు. తూము వైపు నెర్రె సంగతి వచ్చేసరికి మాత్రం అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.